మూడు చెవుల తాళం

నలభై ఏళ్లుగా తాళాలు బాగుచేసి పొట్టపోసుకుంటున్న మేస్త్రి ఏ తాళాన్నీ నమ్మేవాడు కాదు. ఆ సంగతి వాళ్లావిడకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. ఇద్దరూ సినిమాకు బయలుదేరి వీధి మలుపుదాకా వెళ్లాక ఆయన ఠక్కున ఆగిపోయేవాడు.

"తాళం వేశాంగా!" అనేది ఆవిడ.

"వేశాం. దాన్ని తీయడానికి నాకెంతసేపు పడుతుందో తెలుసా? రెండుసార్లు తుమ్మేంతసేపు. నాకు పట్టేది ఇంకొకడికి పట్టదా?"

ఆ తర్వాత సినిమా చూసినా, తెర మీద ఏం జరిగిందో ఆయనకు తెలిసేది కాదు. ఒళ్లు కుర్చీలోనూ, మనసు ఇంటి గుమ్మంలోనూ ఉండేవి.

అలాంటి మనిషి పదిహేడు పాత తాళాలు వెంటబెట్టుకుని, ఎనిమిది గంటలు రైల్లో ప్రయాణం చేయాల్సివచ్చింది.

అవి ఆయన జీవితమంతా పోగుచేసుకున్నవి. చేప ఆకారంలో ఒకటి, గంటలాంటిది ఒకటి, గుప్పెట్లో ఇమిడిపోయే బుల్లి తాళాలు నాలుగైదు, ఎత్తితే మోచెయ్యి లాగేసే ఇనప తాళం ఒకటి. దీన్ని ఆయన 'ఏనుగు' అని పిలుచుకునేవాడు. పెద్ద పట్నంలోని మ్యూజియం వాళ్లు పాతకాలపు పనివాళ్ల వస్తువుల కోసం కొత్తగా ఒక గది కడుతున్నారు. ఎవరో ఈయన సంగతి చెప్పినట్టున్నారు. 'మీ తాళాలను మీరే స్వయంగా తెచ్చి అప్పగించవలసింది' అని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని మేస్త్రి వారం రోజులపాటు చొక్కా జేబులోంచి తీయలేదు.

మిగతా పదహారూ ఒక ఎత్తు, ఇత్తడి తాళం ఒక్కటీ ఒక ఎత్తు. అది ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రి చేతి తాళం. ప్రపంచంలో అలాంటిది ఇంకొకటి లేదు. మూడు తాళంచెవులు, వరసలో తిప్పాలి. మొదటిది ఎడమకు, రెండోది కుడికి, మూడోది మళ్లీ ఎడమకు. మూడోది తిరగ్గానే లోపల 'టక్' మని పలికి, కొక్కెం ఎగిరి పైకి వచ్చేది. "చెవుల్లేకుండా దీన్ని తీసినవాడికి నా కొట్టు రాసిచ్చేస్తాను" అనేవాడు పెద్దమేస్త్రి. తీసినవాడు లేడు. ఆయన పోయాక తాళం శిష్యుడికి వచ్చింది. శిష్యుడు ముప్పై ఏళ్లపాటు ఆదివారం మధ్యాహ్నాలు దాంతో కుస్తీపట్టి, ఓడిపోయి, ప్రతిసారీ లోపల్లోపల మురిసిపోయేవాడు. లోకంలో ఆయన నమ్మిన తాళం ఏదైనా ఉంటే అదొక్కటే.

ప్రయాణానికి వారం ముందునుంచే జాగ్రత్తలు మొదలయ్యాయి. కొత్త పెట్టె వద్దన్నాడు, కొత్త పెట్టె చూస్తే దొంగకు నోరూరుతుందట. చిరుగులకు కుట్లు వేసిన పాత గుడ్డసంచి ఎంచుకున్నాడు. ఒక్కో తాళాన్నీ పాత లుంగీ ముక్కలో చుట్టాడు. పైన విరిగిన సుత్తి పిడులూ, అరిగిపోయిన ఆకురాళ్లూ పరిచాడు. ఎవరైనా తెరిచి చూసినా పాతసామాన్లవాడి సంచి అనుకోవాలి. వాళ్లావిడ చూసి, "అంతా బాగానే ఉంది కానీ, నడుం నొప్పితో ఇంత బరువు ఎలా మోస్తావు? మా తమ్ముణ్ణి తీసుకెళ్లు" అంది.

ఆ తమ్ముణ్ణి ఊళ్లో అందరూ రేడియో అంటారు. ఇరవై రెండేళ్లుగా బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడిందో చెప్పడం ఉద్యోగం. డ్యూటీ దిగాక కూడా మైకు ఆపడం అతనికి చేతకాదు. మనిషి మాత్రం వెన్న. బావంటే ప్రాణం. ఈమధ్యే చక్కెర జబ్బు వచ్చి, పొద్దున్నే సూది పొడుచుకుంటున్నాడు.

"ఒట్టు వేయించుకుని తీసుకెళ్తాను" అన్నాడు మేస్త్రి.

రేడియో నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాడు. "సంచిలో ఏముందో ఒక్కడితో అన్నా, నా నాలుక కోసెయ్ బావా."

రైలెక్కిన గంటన్నరకు ఆ ఒట్టు గాలికి ఎగిరిపోయింది. మేస్త్రి సంచిని సీటు కిందికి తోసి, గొలుసుతో సీటు కాలికి కట్టి, రెండు పాదాలూ దాని మీద ఆనించి కూర్చున్నాడు. బాత్‌రూమ్‌కు వెళ్లాలని ఉన్నా లేవలేదు. ఒక్కసారి తప్పనిసరై వెళ్లి, చేతులు కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చేసరికి, పెట్టెలో సగం జనం తన వైపే చూస్తున్నారు.

"ఇదిగోనండీ, మా బావ!" రేడియో చెయ్యి చాపి చూపించాడు. "ఈయన తీయలేని తాళం భూమ్మీద లేదు. ఇనప్పెట్టె అయినా సరే, చెవి పెట్టి వింటాడు, తీసేస్తాడు. పాతకాలపు తాళాలైతే ఆయన దగ్గరున్నట్టు రాజుల దగ్గర కూడా ఉండవు. మ్యూజియం వాళ్లే పిలిపించుకుంటున్నారంటే చూడండి మరి!"

మేస్త్రికి కాళ్ల కింద రైలు జారిపోయినట్టయింది. ఎదురు సీట్లో సన్నగా, పొడుగ్గా ఒకాయన కూర్చున్నాడు. చేతిలో గొడుగు, ఒళ్లో చిన్న సంచి. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్నవాడు తల తిప్పి రెండే రెండు ప్రశ్నలు అడిగాడు.

"నిజంగా ఏ తాళమైనా తీస్తారాండీ?"

"ఏదైనా!" అన్నాడు రేడియో.

"ఎక్కడ దిగుతున్నారు?"

రేడియో ఊరి పేరుతో ఆగకుండా, దిగబోయే లాడ్జి పేరు, అది స్టేషనుకు ఎంత దగ్గరో కూడా చెప్పేశాడు. గొడుగాయన "అలాగా" అని మళ్లీ కిటికీవైపు తిరిగాడు. ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. విప్పకపోవడమే మేస్త్రిని ఎక్కువ భయపెట్టింది.

మధ్యాహ్నం మూడింటికి దిగారు. ఆ రోజు మ్యూజియానికి సెలవు, మర్నాడు పదిన్నరకు తెరుస్తారు. లాడ్జి మేనేజరు రెండో అంతస్తులో చివరిగది ఇచ్చాడు. గదిలో రెండు మంచాలు, ఒక కుర్చీ, ఇనప ఊచల కిటికీ. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే సున్నం అంటుకునేంత దగ్గర. తలుపు మాత్రం పాతకాలపుది, ఏనుగు తోసినా కదలనంత దిట్టం. అన్నీ చూసిన మేస్త్రి గడియ దగ్గరకు వచ్చేసరికి నిట్టూర్చాడు.

"తలుపు రాయిలా ఉంది, గడియ ఇంత లావుంది. ఏం లాభం? వదులుగా ఉంది. కింది సందులోంచి వంచిన తీగ పెట్టి జరిపేయొచ్చు."

"ఎవరు జరుపుతారు బావా?"

సమాధానం బయటినుంచి వచ్చింది. వసారాలో అడుగుల చప్పుడు, గొడుగు కొన గచ్చు మీద టకటకా తగులుతున్న శబ్దం. మేస్త్రి తలుపు ఓరగా తీసి చూశాడు. గొడుగాయన ఎదురుగది తలుపు తెరుస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. గొడుగాయన మొహం పాలిపోయింది. గబుక్కున లోపలికి దూరి తలుపేసుకున్నాడు.

"చూశావా? దొరికిపోయిన మొహం!" అన్నాడు మేస్త్రి.

ఇత్తడి తాళాన్ని బయటికి తీసింది అప్పుడే. గడియకు తాళం వేసుకునే రంధ్రం ఉంది. అందులో దాన్ని తగిలించి, మూడు చెవులూ వరసగా తిప్పి, మూడింటినీ దారానికి గుచ్చి మెళ్లో వేసుకున్నాడు. తలుపు కింది సందులో దుప్పటి కుక్కాడు. ప్రయాణం మొదలయ్యాక అప్పుడే మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

సాయంత్రం రేడియోను ఒక్కసారి కిందికి పంపాడు, భోజనం కట్టించుకు రమ్మని. తిరిగొచ్చిన రేడియో మేనేజరుతో పావుగంట మాట్లాడానన్నాడు. ఏం మాట్లాడావని నిలదీస్తే నసిగాడు. ఇక అతన్ని బయటికి పంపకూడదని మేస్త్రి అప్పుడే నిశ్చయించుకున్నాడు. రాత్రి సంచి పక్కనే, గచ్చు మీద పడుకున్నాడు. కన్ను మూతపడితే ఒట్టు.

తెల్లవారింది. ఎనిమిదికి రేడియో పొట్ట మీద చర్మం పట్టుకుని సూది పొడుచుకున్నాడు. "బావా, సూది వేసుకున్నాక ముప్పావుగంటలో ఏదో ఒకటి తినాలి. కింద టిఫిన్ చేసొద్దాం పద."

మేస్త్రి తలుపు పక్కన గోడకున్న చిన్న కంతలోంచి వసారాలోకి చూశాడు. గొడుగాయన తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, గొడుగు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, సరిగ్గా వీళ్ల తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"కాస్త ఆగు. వాడు లేవనీ."

"వాడు లేవకపోతే?"

"లేస్తాడు. ఎంతసేపని కూర్చుంటాడు?"

ఎనిమిదిన్నర అయింది. గొడుగాయన లేవలేదు. ఊరికే ఉండలేక మేస్త్రి సంచి విప్పాడు. తాళాల్ని ఒక్కొక్కటే తీసి, తుడిచి, మంచం మీద వరసగా పేర్చాడు. మ్యూజియంలో మనిషి చేతికిచ్చేటప్పుడు మెరవాలి కదా. రేడియో మొదట సణిగాడు. తర్వాత జోకు వేశాడు. "ఇదేం బతుకు బావా, దొంగ బయట హాయిగా గాలి పీలుస్తున్నాడు, మనం జైల్లో ఉన్నాం." మేస్త్రి నవ్వలేదు. "నేనొక్కణ్ణే వెళ్లొస్తా, తాళం తియ్యి" అన్నాడు రేడియో. "నువ్వు వెళ్తే వాడికి గుట్టంతా చెప్పేస్తావు. నీ నోటివల్లే కదా ఇదంతా!" అని మేస్త్రి కసిరాడు. రేడియో చిన్నబుచ్చుకుని మంచం మీద వాలిపోయాడు.

తొమ్మిది దాటింది. గది ఉడికిపోతోంది. ఎదురుగోడ మీది ఎండ కిటికీలోంచి తెల్లగా లోపలికి కొడుతోంది. గంట తాళాన్ని గుడ్డతో రుద్దుతూ, గది ఇంత ప్రశాంతంగా ఎలా ఉందా అనుకున్నాడు మేస్త్రి. చాలాసేపటికి గాని ఆ ప్రశాంతత ఏమిటో తట్టలేదు. రేడియో మాట్లాడటం లేదు.

"ఒరేయ్, అలిగావా?"

పలుకు లేదు. మేస్త్రి వెళ్లి భుజం తట్టాడు. చొక్కా తడిసి ముద్దయింది. మొహం బూడిద రంగులో ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గాని, బావను గుర్తుపట్టిన జాడ లేదు. ఏదో అన్నాడు. మాట ముద్దగా, తాగినవాడి మాటలా వచ్చింది. జీవితమంతా బస్సుల నంబర్లు అక్షరం పొల్లుపోకుండా చెప్పిన నోరు అది.

మేస్త్రి ఒక్క ఉదుటున తలుపు దగ్గరకు వెళ్లాడు. మెళ్లోని చెవులు తీశాడు. మొదటిది ఎడమకు తిప్పాడు. రెండోది కుడికి తిప్పాడు. మూడోది పెట్టాడు, పూర్తిగా దిగకముందే తిప్పాడు. చిటుక్కుమంది. ఎన్నేళ్లుగానో అరిగిన చెవి, సగానికి విరిగింది. పిడి చేతిలో మిగిలింది, మిగతాది తాళం లోపలే ఉండిపోయింది.

కొక్కెం పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు తలుపుకు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. రాలేదు. ముప్పై ఏళ్లు తనను ఓడించిన తాళం ఇప్పుడు తెరుచుకుంటేనా!

సరిగ్గా అప్పుడు తలుపు అవతల అడుగుల చప్పుడు అయింది. గొడుగు కొన గచ్చుకు తగిలింది. గొడుగాయన తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఒక చెక్క మందం ఉంది, అంతే. పిలిస్తే చాలు.

మేస్త్రి పిలవలేదు. వెనక్కి తిరిగి చూశాడు. మంచం మీద పదహారు తాళాలు మిలమిలా మెరుస్తున్నాయి. ఆయన మంచం దగ్గరకు వెళ్లి, ఒక్కొక్కటే సంచిలో వేయడం మొదలుపెట్టాడు. చేపను వేశాడు, గంటను వేశాడు, బుల్లివాటిని వేశాడు, ఏనుగును వేశాడు. పక్క మంచం మీద రేడియో గొంతులో గురక లాంటి చప్పుడు అవుతూనే ఉంది. సంచి మూతికి ముడి వేసి, మంచం కిందికి తోసి, అప్పుడు తలుపు దగ్గరకు వచ్చి అరిచాడు.

"ఎవరండీ బయట? మా బావమరిది పడిపోయాడు! చక్కెర జబ్బు! సూది వేసుకుని ఏం తినలేదు!"

గొడుగాయన గొంతు, కంగారుగా. "తలుపు తీయండి మరి!"

"తెరుచుకోవడం లేదు. తాళంలో చెవి విరిగింది."

"మీరు తాళాల మేస్త్రి కదండీ?"

బయట అడుగులు పరుగులయ్యాయి. "పంచదార! ఎవరైనా పంచదార తీసుకురండి!" అని కేకలు మెట్ల మీదుగా దిగిపోయాయి. కాసేపటికి మళ్లీ పైకి వచ్చాయి. "కింద సందు ఏదో కుక్కేసి ఉందండీ, తీయండి!" మేస్త్రి దుప్పటి పీకేశాడు. కాగితం మీద పోసిన పంచదార సందులోంచి లోపలికి జారింది. "నోట్లో నీళ్లు పోయకండి, గొంతుకు అడ్డం పడుతుంది. తడి వేలితో అద్ది చిగుళ్లకు రాయండి. మా అమ్మకు ఇదే జబ్బు."

మేస్త్రి బావమరిది తలను ఒళ్లో పెట్టుకుని, చిగుళ్లకు పంచదార రాశాడు. అవతల మేనేజరూ ఇంకెవరో కలిసి తలుపుకు భుజాలు వేసి కుమ్ముతున్నారు. దిట్టమైన తలుపు, లావు గడియ. అంగుళం కదల్లేదు. రేడియో కళ్లు కొంచెం కదిలాయి, మళ్లీ తేలిపోయాయి.

ఇక మేస్త్రి ఆలోచించలేదు. సంచిని బయటికి లాగి, ముడి తెంపి, ఏనుగును రెండు చేతులా ఎత్తాడు. పెద్దమేస్త్రి చేతి తాళం మీద మొదటి దెబ్బ వేశాడు. ఇత్తడి సొట్టపడింది. రెండో దెబ్బకు పక్కరేకు విచ్చుకుంది. ఎన్ని దెబ్బలు వేశాడో తెలియదు. ఏడుస్తున్నానన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. చివరికి లోపలి బిళ్లలు కొన్ని గచ్చు మీద చిందాయి, కొక్కెం విరిగింది. గడియ జరిపాడు.

గొడుగాయన రేడియో కాళ్లు పట్టుకున్నాడు, మేస్త్రి భుజాలు పట్టుకున్నాడు. మేనేజరు ముందు పరిగెత్తి ఆటో ఆపాడు. గది తలుపు బార్లా తెరిచే ఉంది.

ఆసుపత్రిలో రేడియో చేతికి సూది గుచ్చి సీసా ఎక్కించారు. అరగంటకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ప్రమాదం తప్పింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే నేను ఈ మాట చెప్పలేకపోయేదాన్ని. అసలు పొద్దున్నుంచీ ఆయన్ను పస్తు ఎందుకు ఉంచారు?" అంది.

బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మేస్త్రి చేతివేళ్లు చీరుకుపోయి, నెత్తురు ఎండిపోయి ఉన్నాయి.

"మీరు... మా గది ముందు ఎందుకు కూర్చున్నారండీ?" చివరికి అడిగాడు మేస్త్రి.

గొడుగాయన ఇబ్బందిగా కదిలాడు. "చెప్తే నవ్వుకోవద్దు. నేను స్కూల్లో లెక్కల మాస్టారిని. మా నాన్న పోగుచేసిన పాత నాణేలు మ్యూజియానికి ఇవ్వడానికి తెచ్చాను. రైల్లో మీ బావమరిది 'ఏ తాళమైనా తీస్తాడు' అనగానే నాకు ప్రాణం ఎగిరిపోయింది. పైగా నేను ముందే గది మాట్లాడుకున్న లాడ్జిలోనే మీరూ దిగారు, అదీ నా ఎదురుగదిలో. నా తలుపుకు తాళం వేసి ఏం లాభం? అందుకే రాత్రంతా మేలుకుని, పొద్దున్నే కుర్చీ వేసుకున్నాను. కిందికి వెళ్లి టీ కూడా తాగలేదు."

"పొద్దున మా తలుపు దగ్గరకు ఎందుకొచ్చారు?"

"లోపల చిటుక్కున చప్పుడైంది. ఏ తాళం విప్పడానికో పనిముట్లు సిద్ధం చేస్తున్నారేమో అని చెవి పెట్టాను."

మేస్త్రికి నవ్వు రావాలి. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, గది తెరిచి ఉంది. సంచి మూతి తెంపి ఉంది. గభాలున లేచాడు. వార్డు తలుపు వైపు చూశాడు. లోపల రేడియో ఒంటరిగా ఉన్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరు వెళ్లండి. మీ నాణేలు చూసుకోండి. మా గది కూడా ఒకసారి చూడండి. తలుపు తీసే ఉంది."

మాస్టారు ఆయన మొహంలోకి చూశాడు. "నేనా?"

"మీరే."

ఆయన వెళ్లాక మేస్త్రి పంచె మడతలో ఏదో గుచ్చుకుంటుంటే తీశాడు. ఇత్తడి తాళం ముక్క, కొక్కెం దిగే సగం, విరిగిన కొక్కెం ముక్క ఇంకా అందులోనే ఉంది. గడియ జరిపేటప్పుడు చిక్కుకున్నట్టుంది. ఎండ పడుతున్న చోటికి జరిగి, దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లు చూడాలని తపించిన లోపలి భాగం అది. మొదటి చెవి జరిపే బిళ్ల, రెండో చెవి జరిపే బిళ్ల స్పష్టంగా ఉన్నాయి. ఆ రెండూ జరిగితే కొక్కేనికి ఇక అడ్డమేమీ లేదు. మూడో చెవి చేసే పనల్లా అడుగునున్న ఒక స్ప్రింగును మీటడం, అంతే. ఆ స్ప్రింగే టక్కుమనేది, కొక్కేన్ని ఒకసారి కిందికి దింపి పైకి ఎగరేసేది. ఆయన బొటనవేలితో కొక్కెం ముక్కను నెమ్మదిగా కిందికి నొక్కాడు. స్ప్రింగు టక్కుమంది. కొక్కెం ఎగిరి చేతిలో పడింది.

మూడో చెవి ఉత్తదే. లాగినవాడికి రాదు, నొక్కినవాడికి వస్తుంది. చెవి విరిగేసరికే తాళం తెరుచుకుని ఉంది. వేలితో ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది.

"ఓరి నాయనో!" అన్నాడు మేస్త్రి పైకే. పెద్దమేస్త్రి కొంటె మొహం కళ్ల ముందు మెదిలింది. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. అటుగా వెళ్తున్న నర్సు, పెద్దాయన ఒక్కడే కూర్చుని తల పట్టుకోవడం చూసి, నొప్పి ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు.

గంట తర్వాత మాస్టారు తిరిగొచ్చాడు. ఆయన చేతిలో నాణేల సంచి, భుజాన మేస్త్రి గుడ్డసంచి ఉన్నాయి. నాణేలు భద్రం. మేస్త్రి తాళాల్లో మూడు లేవు. చేప తాళమూ, నిగనిగలాడే బుల్లి తాళాలు రెండూ పోయాయి. ఎవరు తీశారో మేనేజరు తెలియదన్నాడు. పెద్దగా వాదించినా లాభం లేకపోయిందని మాస్టారు నొచ్చుకున్నాడు. గచ్చు మీద దొరికిన ఇత్తడి ముక్కలన్నీ తన రుమాల్లో మూటకట్టి తెచ్చాడు.

"మీ సొత్తు పోయింది. నేను కాపలా ఉండాల్సింది అక్కడ" అన్నాడు మాస్టారు.

"మీరు కాళ్లు పట్టుకోకపోతే వాణ్ణి ఎవరు దింపేవారు?" అన్నాడు మేస్త్రి. చేప తాళం కోసం గుండె కలుక్కుమన్నా, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు మాస్టారే రెండు సంచులూ మ్యూజియానికి మోసుకెళ్లి, రసీదులు రాయించుకొచ్చాడు. మేస్త్రి ఆసుపత్రి వదల్లేదు. పదమూడు తాళాలు తీసుకున్నారు. ఇత్తడి ముక్కల్ని కూడా అడిగారు గాని మేస్త్రి ఇవ్వనన్నాడు.

ఆ మధ్యాహ్నం రేడియో దిండుకు ఆనుకుని కూర్చుని, పక్క మంచం రోగికి తన కథ చెప్తున్నాడు. బావ ఇంత లావు ఇనప తాళంతో ఇంత ఇత్తడి తాళాన్ని ఎలా బద్దలుకొట్టాడో చేతులు ఊపుతూ వర్ణించాడు. "ముప్పై ఏళ్లు ప్రాణంలా చూసుకున్న తాళమండీ! నాకోసం!" ఆ రోగి మేస్త్రివైపు భక్తిగా చూశాడు. మేస్త్రికి మంచం పక్కన కూర్చోలేనట్టుగా అయింది.

పక్క మంచాయన్ను పరీక్షలకు తీసుకెళ్లాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నీకొకటి చెప్పాలి. నువ్వు పడిపోయాక మాస్టారు తలుపు దగ్గరికి వచ్చారు. అడుగులు వినపడ్డాయి. నేను వెంటనే పిలవలేదు."

"కంగారుపడి ఉంటావు."

"కంగారు కాదు. తాళాలు సర్దాను. మంచం మీదున్నవన్నీ ఒక్కొక్కటే సంచిలో వేసి, ముడివేసి, దాచాక పిలిచాను. నువ్వు గురకపెడుతూనే ఉన్నావు. నాకు వినపడుతూనే ఉంది."

రేడియో చేతులు దుప్పటి మీద ఆగిపోయాయి. గోడవైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. మేస్త్రి ఆ మౌనాన్ని భరించలేక లేవబోయాడు.

"పదహారూనా?" అని అడిగాడు రేడియో, తల తిప్పకుండానే.

"పదహారూ."

రేడియో దుప్పటి అంచు మడతపెట్టి, మళ్లీ విప్పాడు.

"అక్కకి మాత్రం చెప్పకు బావా" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, చనువు కూడా లేదు. "తను తట్టుకోలేదు."

మేస్త్రి తల ఊపాడు. రేడియో దుప్పటి మెడదాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడో లేదో తెలియదు. ఆ పూటకు ఇక ఏమీ మాట్లాడలేదు. మేస్త్రి స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. నర్సు తెచ్చి పెట్టిన భోజనం పళ్లెం చల్లారిపోకుండా మూత సరిచేసి, అతను కళ్లు తెరిచేదాకా ఎదురుచూస్తూ ఉండిపోయాడు.